జర్మనీలో చదువుకి వెళ్తున్నారా? మొదటి ఏడాది నిలదొక్కుకోవడం ఎలా

మన దగ్గర కొత్తగా ఎవరైనా అద్దెకు దిగితే, సామాను దించుతుండగానే పక్కింటి పిన్నిగారు వచ్చేస్తారు. ఏ ఊరు, ఎవరి తాలూకు, నీళ్ళు పట్టుకున్నారా, రాత్రికి కూర పంపమంటారా అని అడుగుతారు. జర్మనీలో మీరు దిగిన రోజు అలా ఎవరూ రారు. వారం గడిచినా రారు. నేను ఖమ్మం నుంచి కెమ్నిట్స్‌కి వచ్చిన కొత్తలో ఇది చూసి, వీళ్ళకి మనమంటే పడదేమో అనుకున్నాను. ఆ అనుమానంతోనే రెండు నెలలు తలుపేసుకుని కూర్చున్నాను. అడక్కుండా ఒకరి విషయంలో తల దూర్చడం ఇక్కడ మర్యాద కాదన్న సంగతి నాకు అప్పటికి తెలియదు. మనం వెళ్ళి అడిగితే మాత్రం చాలామంది చేస్తున్న పని పక్కన పెట్టి మరీ చూస్తారు.

ఆ రెండు నెలలు మీకు వృథా కాకూడదనే ఇది రాస్తున్నాను. నాకు బాగా తెలిసింది కెమ్నిట్స్ ఉన్న శాక్సనీ రాష్ట్రం. మీరు మ్యూనిక్ వెళ్ళినా, మాగ్డెబుర్గ్ వెళ్ళినా చిన్న చిన్న తేడాలు తప్ప పద్ధతి ఇదే.

బయల్దేరే ముందు

అడ్మిషన్ లెటర్ రాగానే, వీసా వచ్చేదాకా ఆగకుండా, హాస్టల్ గదికి అప్లై చేయండి. హాస్టళ్ళు చాలావరకు యూనివర్సిటీ చేతిలో ఉండవు. స్టూడియరెండెన్‌వెర్క్ అనే వేరే సంస్థ నడుపుతుంది. సీటు వచ్చింది కదా, గది కూడా వాళ్ళే ఇస్తారులే అనుకుని మనవాళ్ళు చాలామంది అక్కడే దెబ్బతింటారు. చాలా ఊళ్ళలో వెయిటింగ్ లిస్టు నెలల తరబడి ఉంటుంది. బయట గది వెతుక్కుంటే, గది చూడకుండా, కాగితం చేతికి రాకుండా డబ్బు పంపకండి. "నేను వేరే దేశంలో ఉన్నాను, అడ్వాన్స్ వేస్తే తాళాలు కొరియర్ చేస్తాను" అన్నవాడు మోసగాడే. ఆ ఊళ్ళో చదువుతున్న సీనియర్‌ని ఒకసారి వెళ్ళి చూసి రమ్మని అడగండి.

ఖర్చులకి డబ్బుందని వీసా కోసం చూపించే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేసి వెళ్తారు. 2024 సెప్టెంబర్ నుంచి ఇదే లెక్క. అందులోంచి నెలకు 992 యూరోలు చేతికొస్తాయి. కానీ జర్మనీలో అకౌంట్ తెరిచి, కాగితాలన్నీ ఇచ్చాక గానీ మొదటి నెల డబ్బు రాదు. ఈలోపు అద్దె కట్టాలి, డిపాజిట్ కట్టాలి. డిపాజిట్ మూడు నెలల అద్దె దాకా ఉండొచ్చు. అందుకని డిపాజిట్ కాక, కనీసం మొదటి నెలన్నర ఖర్చు విడిగా దగ్గరుంచుకోండి.

ఇక పెట్టె. అమ్మ పెట్టేవన్నీ తెచ్చుకోవాలని మీకూ ఉంటుంది, కానీ మాంసంతో, పాలతో చేసినవేవీ బయటి దేశం నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి సొంత సామానులో తేకూడదు. చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఎయిర్‌పోర్ట్‌లో కస్టమ్స్ వాళ్ళు చూస్తే తీసి పారేస్తారు. అమ్మ రెండు రోజులు కూర్చుని చేసిన పచ్చడి అలా చెత్తబుట్టలో పడుతుంటే చూడడం చాలా కష్టం. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, చింతపండు తెచ్చుకోండి. పచ్చి కరివేపాకు వద్దు, ఎండబెట్టింది తెచ్చుకోండి. అడుగు చదునుగా ఉన్న చిన్న కుక్కర్ ఒకటి తెచ్చుకోండి, అక్కడివి కరెంటు పొయ్యిలు.

అన్నిటికన్నా ముఖ్యం భాష. కోర్సు ఇంగ్లిష్‌లోనే కదా అని వదిలేయకండి. క్లాసు ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఇంటి ఓనరు రాసిన ఉత్తరం, ఆఫీసు ఫారం, మందుల చీటీ, ట్రామ్‌లో అనౌన్స్‌మెంట్, పార్ట్‌టైమ్ పనిలో మేనేజర్ మాట, ఇవన్నీ జర్మన్‌లోనే. బయల్దేరేలోపు జర్మన్ మొదటి స్థాయి ఏ1 పూర్తి చేసి, రెండోది ఏ2 మొదలుపెడితే మొదటి నెల సగం టెన్షన్ తగ్గుతుంది. అక్కడికెళ్ళాక నేర్చుకుందాం అనుకున్నవాళ్ళలో ఎక్కువమంది మొదటి సెమిస్టర్ పరీక్షలయ్యేదాకా పుస్తకం తెరవలేకపోవడం నేను చూస్తూనే ఉన్నాను.

దిగిన మొదటి రెండు వారాలు

మొదటి పని ఆన్‌మెల్డుంగ్. అంటే ఈ అడ్రసులో ఉంటున్నానని ఊరి ఆఫీసులో నమోదు చేసుకోవడం. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు చేయాలి. దానికి ఓనరు సంతకం పెట్టిన కాగితం కావాలి, అది తాళాలు తీసుకునే రోజే అడిగి తీసుకోండి. ఈ నమోదు కాగితం ఉంటేనే మిగతా పనులు సాఫీగా కదులుతాయి. బ్యాంకు, రెసిడెన్స్ పర్మిట్, చాలాచోట్ల దీన్నే అడుగుతారు. ఆఫీసుకి ఊరికే వెళ్తే కుదరదు. టెర్మీన్ ఉండాలి, అంటే ముందుగా బుక్ చేసుకున్న సమయం. విమానం ఎక్కకముందే ఆన్‌లైన్‌లో చూసి బుక్ చేసుకోండి, పెద్ద ఊళ్ళలో వారాల తర్వాత గానీ దొరకదు.

రెండో పని ఎవరూ చెప్పరు. కింద ఉన్న పోస్టు డబ్బా మీద మీ పేరు అంటించండి. నేను అంటించలేదు. ఇంటి నంబరు, ఫ్లోరు రాసుంటే చాలదా అనుకున్నాను. మా బిల్డింగులో ఫ్లాట్లకి నంబర్లే లేవు. పోస్టావిడ డబ్బా మీద పేరు చూసి ఉత్తరం వేస్తుంది, పేరు లేకపోతే వెనక్కి పంపేస్తుంది. నా బ్యాంకు కార్డు పిన్ రెండుసార్లు వెనక్కి పోయింది. మూడు వారాలు సీనియర్ల దగ్గర చేబదులు తీసుకుని గడిపాను. ఆఖరికి బిల్డింగు పనులు చూసే హౌస్‌మాస్టర్‌ని వెళ్ళి అడిగితే, ఆయన నన్ను కిందికి తీసుకెళ్ళి, ఖాళీగా ఉన్న డబ్బా మీద వేలు పెట్టి చూపించాడు. జేబులోంచి టేపు తీసి, నా ఇంటిపేరు అక్షరం అక్షరం అడిగి రాసి అంటించాడు. మర్నాటి నుంచి ఉత్తరాలు వచ్చాయి.

ఆ ఇంటిపేరు సంగతి కూడా గుర్తుంచుకోండి. ఇక్కడ పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ అని ఏది ఉంటే దానికి ముందు మన శ్రీ, శ్రీమతి లాంటి హెర్ లేదా ఫ్రావ్ తగిలించి పిలుస్తారు. మన ఇంటిపేరుతో ఇంట్లో మనల్ని ఎవరూ పిలవరు కాబట్టి, క్లినిక్‌లో ఆ పేరు పిలిచినా మనల్నేనని తెలియక కూర్చుండిపోతాం.

ఉత్తరం వచ్చిన రోజే తెరవండి. జర్మనీ ఇప్పటికీ కాగితం మీద నడుస్తుంది. చాలా ఉత్తరాల్లో ఒక గడువు తేదీ ఉంటుంది, అది దాటితే జరిమానా. పసుపు కవరు వస్తే ఇంకా జాగ్రత్త, అది అందిన తేదీని పోస్టువాళ్ళు కవరు మీదే రాస్తారు, గడువు ఆ రోజు నుంచే లెక్క. రేడియో, టీవీ ఫీజు అని నెలకు 18.36 యూరోలు కట్టమని ఒక ఉత్తరం తప్పకుండా వస్తుంది. టీవీ లేదు కదా అని పారేయకండి, అది ఇంటికి ఒకటి చొప్పున అందరూ కట్టాల్సిందే. నలుగురు కలిసి ఉంటే ఒకరు కట్టి మిగతావాళ్ళు పంచుకోవచ్చు.

హెల్త్ ఇన్సూరెన్స్ లేకుండా యూనివర్సిటీలో పేరు ఎక్కదు. 30 ఏళ్ళు దాటనివాళ్ళు ప్రభుత్వ పద్ధతి ఇన్సూరెన్సే తీసుకోండి. తక్కువకి వస్తుందని ప్రైవేటుది తీసుకుంటే చదువు మధ్యలో ప్రభుత్వ పద్ధతిలోకి మారడం దాదాపు కుదరదు.

ఇంట్లో మెలగాల్సిన తీరు

రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా, ఆదివారమూ పండుగ రోజులూ మొత్తం, నిశ్శబ్ద వేళ. దీన్ని రూఎత్సైట్ అంటారు. ఆ వేళల్లో వాషింగ్ మెషీన్, వాక్యూమ్ క్లీనర్ వేయకూడదు, గోడకి మేకు కొట్టకూడదు. మనం పది దాటాక వంట మొదలుపెట్టే రకం. పాత బిల్డింగుల్లో కుక్కర్ విజిల్ పై ఇంటికీ కింది ఇంటికీ వినిపిస్తుంది. పప్పు సాయంత్రమే పెట్టేసుకోండి. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు గొంతు కూడా తగ్గించండి. స్పీకర్‌లో పెట్టి మాట్లాడడం మనకి అలవాటు, ట్రామ్‌లో అలా మాట్లాడితే బోగీ అంతా తిరిగి చూస్తుంది.

తాలింపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇళ్ళు చలికి బిగించి కట్టినవి, పొగ పోయే దారి ఉండదు. నేను మొదటిసారి ఎండుమిర్చి వేయించిన రోజు గదిలో పొగ అలారం మోగింది. దాన్ని ఎలా ఆపాలో తెలియక టవల్ ఊపుతూ నిలబడ్డాను. తలుపు తట్టారు. తీస్తే కింది ఇంటి పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటాయి. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. ఆవిడ లోపలికొచ్చి, నేను ఓరగా తీసిపెట్టిన కిటికీని మూసి, పిడి తిప్పి, మళ్ళీ బార్లా తెరిచింది. ఎదురుగా ఉన్న గది కిటికీ కూడా తెరిచింది. ఒక్క నిమిషంలో చల్లగాలి ఇల్లంతా దూసుకుపోయి పొగ మొత్తం పోయింది. చేతి వేళ్ళు చూపించి, రోజుకి మూడుసార్లు, ఐదేసి నిమిషాలు అని సైగ చేసింది.

దీనికి లుఫ్టెన్ అని పేరే ఉంది. చలికాలంలో కూడా హీటర్ ఆపేసి, కిటికీలు పూర్తిగా తెరిచి గాలి మార్చాలి. అన్నం వండిన ఆవిరి, ఉతికి గదిలోనే ఆరేసిన బట్టల తడి గోడలకి పట్టి నల్లగా బూజు వస్తుంది. ఖాళీ చేసే రోజున ఆ బూజు పేరు చెప్పి డిపాజిట్‌లో కోత పెడతారు.

చెత్త విడివిడిగా వేయాలి: కాగితాలు ఒకచోట, ప్లాస్టిక్ ప్యాకింగులు ఇంకోచోట, వంటింటి చెత్త వేరు, మిగతాది వేరు. డబ్బాల రంగులు ఊరినిబట్టి మారతాయి, దిగిన రోజే పక్కవాళ్ళని అడగండి. గాజు సీసాలు వీధి చివర పెద్ద డబ్బాల్లో వేస్తారు, ఆదివారం మాత్రం వేయకూడదు, చప్పుడు అవుతుందని. ప్లాస్టిక్ నీళ్ళ సీసా కొన్నప్పుడు 25 సెంట్లు అదనంగా తీసుకుంటారు. ఖాళీ సీసా నలపకుండా సూపర్ మార్కెట్‌లోని మెషీన్‌లో వేస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది.

ఆదివారం షాపులు మూసేస్తారు. శనివారం సాయంత్రానికి బియ్యం, పాలు చూసుకోండి. పెరుగు విషయానికొస్తే, నాతూర్ యోగుర్ట్ అని రాసి, 3.5 శాతం వెన్న ఉన్నది తీసుకోండి, పెరుగన్నానికి సరిపోతుంది. క్వార్క్ అని పక్కనే ఉండేది పెరుగు కాదు. చలికాలంలో దోసెల పిండి పులియదు. ఓవెన్ వేడి చేయకుండా లోపలి లైటు మాత్రం వేసి, అందులో రాత్రంతా పెట్టండి.

మాట తీరు

నువ్వు, మీరు తేడా తెలిసిన మనకి జర్మన్‌లో ఒక పని సులువు. డు అంటే నువ్వు, జీ అంటే మీరు. తోటి విద్యార్థులు వయసుతో పని లేకుండా డు. ప్రొఫెసర్, ఆఫీసువాళ్ళు, షాపువాళ్ళు, పక్కింటివాళ్ళు జీ. పెద్దవాళ్ళు తామే "డు అనండి" అనేదాకా ఆగాలి. సందేహం ఉంటే జీ అనండి, తప్పుపట్టరు.

కష్టమంతా అవును, కాదుల దగ్గర వస్తుంది. మనం కాదు అని మొహం మీద చెప్పలేం. "చూస్తానండి", "ట్రై చేస్తాను" అంటాం. మన దగ్గర అవతలివాళ్ళు దాన్ని కాదనే అర్థం చేసుకుంటారు. ఇక్కడ ట్రై చేస్తాను అంటే నిజంగా చేస్తారనుకుని ఎదురు చూస్తారు. గ్రూప్ ప్రాజెక్టులో నా భాగం శుక్రవారానికి అవుతుందా అని అడిగితే సరే అన్నాను, అవదని నాకు తెలిసి కూడా. శుక్రవారం నలుగురూ నా భాగం కోసం కూర్చున్నారు. "అవదని సోమవారమే చెప్తే మేం పంచుకునేవాళ్ళం కదా" అని ఒకమ్మాయి నెమ్మదిగానే అడిగింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అవదు అని ముందే చెప్పండి. ఎవరూ నొచ్చుకోరు. అలాగే మీ పని బాలేదని వాళ్ళు సూటిగా అంటే, అది ఆ పని గురించే అన్నమాట. సాయంత్రం అదే మనిషి మీతో కలిసి మెన్సాలో, అంటే యూనివర్సిటీ క్యాంటీన్‌లో తింటుంది.

తల ఊపడం కూడా మార్చుకోవాలి. పక్కలకి ఆడించే మన తల ఊపు వాళ్ళకి అవునో కాదో అంతుపట్టదు. నోటితో చెప్పండి. శాక్సనీకి వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. అక్కడివాళ్ళు అవును అనడానికి "ను" అంటారు, పుస్తకాల్లో ఉన్న "యా" కాదు. బేకరీలో ఇది వెజిటేరియనేనా అని అడిగితే ఆవిడ "ను, ను" అంది. నో అంటుందనుకుని వారం రోజులు అక్కడ ఏమీ కొనలేదు.

సమయానికి వెళ్ళడం గురించి అందరూ చెప్తారు, కాబట్టి ఎక్కువ రాయను. ఐదు నిమిషాలు ముందుండండి, ఆలస్యమైతే ముందే మెసేజ్ పెట్టండి. పుట్టినరోజు శుభాకాంక్షలు మాత్రం ముందురోజు చెప్పకండి, అశుభం అనుకుంటారు. కేకు తెచ్చేది పుట్టినరోజు జరుపుకునే మనిషే. మీ పుట్టినరోజున మీరే ఏదైనా చేసి క్లాసుకి తీసుకెళ్ళండి. నేను పులిహోర తీసుకెళ్ళాను, గిన్నె ఖాళీ అయింది.

క్లాసులో

ఇక్కడ హాజరు పెద్దగా పట్టించుకోరు, ఇంటర్నల్స్ తక్కువ, చాలా సబ్జెక్టులకి చివర్లో ఒకే పరీక్ష. దీంతో మొదటి మూడు నెలలు అసలు చదువే లేదనిపిస్తుంది. ఆ భ్రమలో ఉండగానే పరీక్షకి రిజిస్టర్ చేసుకునే గడువు దాటిపోతుంది. సబ్జెక్టులో చేరడం వేరు, పరీక్షకి పేరు నమోదు చేసుకోవడం వేరు. గడువు దాటితే, ఎంత చదివినా హాల్లోకి రానివ్వరు. నమోదు చేసుకుని, రద్దు చేసుకోకుండా వెళ్ళకపోతే ఫెయిల్ కింద రాస్తారు. సెమిస్టర్ మొదలైన వారంలోనే మీ కోర్సు పరీక్షా నియమావళి తెచ్చుకుని ఈ తేదీలు గోడ మీద రాసి పెట్టుకోండి.

మార్కులు మనకి తలకిందులు. 1.0 అన్నిటికన్నా మంచిది, 4.0 దాకా పాస్, 5.0 ఫెయిల్. చాలా కోర్సుల్లో ఒక పరీక్ష మూడుసార్లు మాత్రమే రాయొచ్చు. తప్పనిసరి సబ్జెక్టు మూడోసారీ పోతే ఆ కోర్సే ఆగిపోతుంది, వీసా కూడా చిక్కులో పడుతుంది. కాబట్టి మొదటిసారి పోగానే దాచుకోకుండా సలహా అడగండి. ప్రతి ప్రొఫెసర్‌కీ ష్ప్రెష్‌స్టుండె అని, విద్యార్థులు వెళ్ళి సందేహాలు అడగడానికి వారంలో ఒక గంట ఉంటుంది. పరీక్ష అయ్యాక దిద్దిన పేపర్ చూసుకునే రోజు కూడా పెడతారు. మనవాళ్ళు సార్ ఏమనుకుంటారో అని వెళ్ళరు. వెళ్ళండి. నాకు సగం పేజీ లెక్క ఎక్కడ తప్పిందో ప్రొఫెసర్ పెన్నుతో గీసి చూపించారు, రెండోసారి ఆ సబ్జెక్టులో 2.3 వచ్చింది.

టైమ్‌టేబుల్‌లో గంట పక్కన సి.టి. అని ఉంటే క్లాసు పావుగంట ఆలస్యంగా మొదలవుతుంది, ఎస్.టి. అంటే సరిగ్గా ఆ గంటకే.

పార్ట్‌టైమ్ పని ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు చేయొచ్చు. ఈ లెక్క 2024 మార్చి నుంచి వచ్చింది. లోన్ ఈఎంఐ గుర్తొచ్చి మొదటి సెమిస్టర్‌లోనే రాత్రి షిఫ్టులకి ఒప్పుకుంటే పరీక్షలు పోతాయి, ఆ పోయిన సెమిస్టర్ ఖర్చు షిఫ్టుల్లో వచ్చిన దానికన్నా ఎక్కువ. వీలైతే మొదటి సెమిస్టర్ వదిలేయండి. వీలు కాకపోతే వారాంతాలకి పరిమితం చేసుకోండి.

ఎవరితో కలిసి ఉండాలి

ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిగా చెప్తాను. తెలుగువాళ్ళతో కలిసి ఉండడంలో తప్పేమీ లేదు. జ్వరం వస్తే చారు పెట్టేది వాళ్ళే. ఉగాదికి వేపపువ్వు దొరక్క ఏం వేద్దామని పోట్లాడుకునేదీ వాళ్ళతోనే. కానీ ఇంట్లోనూ, క్లాసులోనూ, పనిలోనూ వాళ్ళే అయితే రెండేళ్ళు గడిచాక మీకు తెలిసిన జర్మనీ ఆ ఫ్లాటే అవుతుంది. ఉద్యోగం వెతుక్కునే రోజున భాష రాదు, తెలిసినవాళ్ళు ఉండరు. వారానికి ఒక్క సాయంత్రం తెలుగు వినిపించని చోట గడపండి.

ఎక్కడ అంటే, ఇక్కడ స్నేహాలు కబుర్లతో మొదలవవు, ఏదో ఒక పని చేస్తూ మొదలవుతాయి. యూనివర్సిటీ స్పోర్ట్స్‌లో సెమిస్టర్‌కి తక్కువ ఫీజుతో వాలీబాల్, బ్యాడ్మింటన్, కొండలెక్కడం ఉంటాయి. ఊళ్ళో ఫెరైన్ అనే సంఘాలు ఉంటాయి: పాటలకొకటి, తోటపనికొకటి, చదరంగానికొకటి. ఏదో ఒకదాంట్లో చేరి, ప్రతి వారం అదే గంటకి వెళ్ళండి. మొదటి నెల ఎవరూ పెద్దగా మాట్లాడరు. రెండో నెల పేరు పెట్టి పిలుస్తారు. మీరు ఒక వారం రాకపోతే ఏమైందని అడుగుతారు, ఆ రోజు నుంచి మీరు వాళ్ళలో ఒకరు.

చలికాలం, ఇంటి మీద బెంగ

అక్టోబరులో దిగినవాళ్ళకి అసలు కష్టం నవంబర్ చివర్లో మొదలవుతుంది. కొత్త మోజు తీరిపోతుంది. డిసెంబర్‌లో పొద్దున ఎనిమిదింటికి తెల్లారి సాయంత్రం నాలుగింటికి చీకటి పడుతుంది. నిద్ర ఎక్కువవుతుంది, ఆకలి పోతుంది, క్లాసుకి వెళ్ళబుద్ధి కాదు. మీలో లోపం ఉందనుకోకండి. మధ్యాహ్నం వెలుతురు ఉన్నప్పుడు అరగంట బయట నడవండి, మబ్బు పట్టినా సరే. జాకెట్ ఇండియాలో కొనకండి, ఇక్కడ సెకండ్ హ్యాండ్‌లో మంచివి దొరుకుతాయి.

ఇంటికి ఫోన్ చేయడానికి ఒక వేళ పెట్టుకోండి. చలికాలంలో మన దేశం నాలుగున్నర గంటలు ముందుంటుంది, మార్చి ఆఖరి ఆదివారం నుంచి మూడున్నర. రోజంతా ఫోన్‌లో ఇంటిని వెంటబెట్టుకుని తిరిగితే మనసు ఇక్కడ దిగదు. అసలే చేయకపోతే ఇంకా ప్రమాదం. ఇంకొకటి, అమ్మ "ఎలా ఉన్నావు" అంటే "బాగానే ఉన్నా" అనే మాట దగ్గరే ఆగకండి. సబ్జెక్టు పోయినా, డబ్బు అయిపోయినా, నిద్ర పట్టకపోయినా ఇంట్లో ఒక్కరికైనా నిజం చెప్పండి, అక్కో, బాబాయో ఎవరో ఒకరికి. అంత దూరం పంపించారు, అప్పు చేశారు, వాళ్ళని బాధపెట్టడం ఎందుకని అన్నీ మింగేసిన ఒక జూనియర్ నాకు తెలుసు. నెలరోజులు గది దాటి రాలేదు. మేం ఎవరం వెళ్ళి తలుపు తట్టలేదు, బిజీగా ఉన్నాడేమో అనుకున్నాం. తను ఇప్పుడు బాగున్నాడు, కానీ ఆ నెల నన్ను ఇంకా బాధపెడుతుంది.

బెంగ రెండు వారాలు దాటి తగ్గకపోతే స్టూడియరెండెన్‌వెర్క్ దగ్గర కౌన్సెలింగ్ ఉంటుంది. చాలాచోట్ల విద్యార్థులకి ఉచితం, ఇంగ్లిష్‌లో కూడా మాట్లాడతారు. ప్రాణం మీదికొస్తే 112. రాత్రిపూట జ్వరం లాంటివైతే 116117. పోలీసు 110. మామూలు రోజుల్లో ముందు దగ్గర్లోని ఫ్యామిలీ డాక్టర్‌ని చూసుకుని పేరు నమోదు చేయించుకోండి, ఒంట్లో బాగున్నప్పుడే. పారాసిటమాల్ కూడా మందుల షాపులోనే దొరుకుతుంది, సూపర్ మార్కెట్‌లో ఉండదు. జలుబుకి డాక్టర్ టీ తాగి పడుకోమంటే ఆశ్చర్యపోకండి.

కొన్నిసార్లు ట్రామ్‌లోనో, వీధిలోనో రంగు చూసి మాట అనేవాళ్ళూ తగులుతారు. లేదని చెప్పను. అక్కడ వాదనకి దిగొద్దు, జనం ఉన్నవైపు వెళ్ళండి. పక్కనున్న మనిషిని చూపించి "మీరు, నీలం జాకెట్ వేసుకున్నవారు, నాకు సాయం చేయండి" అని ఒక్కరినే ఉద్దేశించి అడగండి. అందరినీ కలిపి పిలిస్తే ఎవరూ కదలరు. తర్వాత తేదీ, సమయం, చోటు రాసిపెట్టుకుని ఫిర్యాదు చేయండి.

ఆ మొదటి డిసెంబర్‌లో నాకు ఒక ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నాలుగుసార్లు చదివినా అర్థం కాలేదు. అప్పటికి హౌస్‌మాస్టర్ టేపు, కిటికీ సంగతి గుర్తున్నాయి కాబట్టి, ధైర్యం చేసి కింది ఇంటావిడ తలుపు తట్టాను. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. కాఫీ పోసింది. ఆ ఆఫీసుకి తనే ఫోన్ చేసి, ఏ కాగితం కావాలో ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చింది. వచ్చేస్తుంటే ఆగమని, అల్మరాలోంచి చెక్కతో చేసిన విల్లు లాంటి దీపాల వరుస తీసి ఇచ్చింది. ష్విబ్‌బోగెన్ అంటారు. ఎర్జ్‌గెబిర్గె కొండల్లో గని పనివాళ్ళు చలికాలమంతా వెలుతురు చూడక, ఇంటి కిటికీల్లో ఇలా దీపాలు పెట్టుకునేవారని చెప్పుకుంటారు. మా వీధిలో ప్రతి కిటికీలోనూ అవి వెలుగుతున్నాయి, మూడో అంతస్తులో నాది ఒక్కటే చీకటిగా ఉంది. ఆవిడ అది రోజూ కింద నుంచి చూస్తూనే ఉందట. నేను అడగలేదు కాబట్టి ఇవ్వలేదు.

ఏడాది గడిచాక

అక్టోబర్ మళ్ళీ వస్తుంది, కొత్తవాళ్ళు దిగుతారు. వాళ్ళకి మన పక్కింటి పిన్నిగారి పద్ధతే పనికొస్తుంది. స్టేషన్‌కి వెళ్ళండి. ట్రామ్ టికెట్ వాళ్ళకీ కలిపి తీసుకోండి, టికెట్ లేకపోతే 60 యూరోలు జరిమానా అని వాళ్ళకి అప్పటికి తెలిసుండదు. వచ్చేది శనివారం రాత్రైతే ఆదివారానికి సరిపడా బియ్యం, పాలు, గుడ్లు కొనిపెట్టండి. చారు కాచి ఉంచండి. వైఫై పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బల్ల మీద పెట్టండి, దిగగానే ఇంటికి ఫోన్ చేసుకుంటారు. పొద్దున లేవగానే చేతికి టేపు, పెన్ను ఇచ్చి పోస్టు డబ్బా దగ్గరికి తీసుకెళ్ళండి.